ఆలిసు కథలు : శబ్దార్థవిచారము

ఆంగ్లభూమిని విక్టోరియారాణి యేలిన కాలమున బాలుర కొఱకు వెలసిన యద్భుతకథలలో గొన్ని నేటికిని వన్నె తఱుగక నిలిచియుండుటకు హేతు వెయ్యది? అందలి వింతలే హేతు వని పలువు రందురు. వింతలు మాత్రమే చాలునేని మన కాశీమజిలీకథలలో వింతలకు గొదువ లేదు. ఆ హేతువు వస్తువునందు గాక శబ్దమునందు గల దని నా తలంపు. దానిని శాస్త్రదృష్టితో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఆ కథలయందు దలమానికములు లూయిస్ కారొల్ రచించిన రెండు గ్రంథములు. ఇతని యసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ (1832-1898). ఆక్స్‌ఫర్డునందలి క్రైస్ట్ చర్చి కళాశాలలో గణితోపాధ్యాయుడు. 1862 జూలై 4వ తేదిని పడవపై బోవుచు లిడ్డెల్ వారి ముగ్గురు బాలికలకు జెప్పిన కథయే పెంపుగాంచి 1865లో ‘ఆలిసెస్ అడ్వెంచర్స్ ఇన్ వండర్‌లాండ్’ అను పేర వెలువడెను. రెండవదగు ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ 1871 తుదిని వచ్చెను. 1896లో ‘సింబాలిక్ లాజిక్’ అను తర్కగ్రంథమును గూడ నితడు ప్రకటించెను. ఇట్టి తార్కికుడు పిల్లలకు బ్రలాపములు చెప్పుట తగునా యని యధిక్షేపించు పండితులు గలరు. పెక్కేండ్లు నేనును వారిలో నొకడను.

నా భ్రమను దొలగించినది నా మనుమరాలు. శ్రీనగర్ కాలనీలోని మా యింట నొక సాయంకాలము రెండవ గ్రంథమునందలి శ్వేతరాజు ఘట్టమును దానికి దెలుగున వినిపించితిని. దారిలో ‘నోబడీ’ కనబడుచున్నా డని ఆలిసు పలుకగా, అంత దూరమున నట్టివానిని జూడగల కన్నులు తనకు లేవుగదా యని రాజు వగచును. నేను దీనిని ‘ఎవ్వరును గనబడలేదు’ అని తెలిగించితిని. ‘తాతయ్యా! ఎవ్వరును గనబడలే దన్నచో నవ్వుట కేమున్నది?’ అని యా పిల్ల యడిగినది. నాకు వెంటనే బదులు తోపలేదు.

పిల్ల యన్నమాట నిజము. నిషేధము నామముతో నన్వయించిన బర్యుదాసము, క్రియతో నన్వయించిన బ్రసజ్యప్రతిషేధము అని మన శాస్త్రమర్యాద. ఆంగ్లమున ‘నోబడీ’ రూపమున నామమే. తాత్పర్యము మాత్రము క్రియానిషేధము. రాజు రూపమును నమ్మి యభావమును ఒక పురుషునిగా భావించెను. హాస్య మా యెడమునందున్నది. తెలుగున నిషేధము క్రియయందే యుండుటచే నా యెడము లేదు. నేను పదములను దెచ్చితిని, హాస్యమును విడిచివచ్చితిని.

మఱునాడు కథను మార్చి చెప్పితిని. ‘దూతా! ఎట్లు వచ్చితివి?’ ‘వట్టిచేతులతో వచ్చితిని, ప్రభూ!’ ‘మేలు! ఆ వట్టిచేతులను భాండాగారమున నుంచి, నీ చేతులను నీవు గొనిపొమ్ము.’ పిల్ల పకపక నవ్వినది. ‘పండ్లతో వచ్చితిని’ అన్నచో బండ్లు తెచ్చినట్లే, వట్టిచేతులను గూడ దెచ్చిన వస్తువుగా రాజు గ్రహించెను. అభావము ద్రవ్య మగుట యిచ్చటను గలదు. కాని దానికి దారి తెలుగు తృతీయావిభక్తి.

దీనినిబట్టి యీ కథలు ప్రలాపములు గావని స్పష్టము. పది దానిమ్మలు, ఆఱప్పములు అని మహాభాష్యమున జూపబడిన యనర్థకసముదాయమున బదములకు బరస్పరాకాంక్ష లేదు. ఆలిసు కథలలో నాకాంక్షయు సన్నిధియు జెడవు. ‘నిప్పుతో దడుపుచున్నాడు’ అన్నట్లు యోగ్యత యొక్కటే తప్పును. హంప్టీ డంప్టీ తన యిచ్చయే శబ్దార్థమునకు బ్రమాణ మనును. టి, ఘు, భ సంజ్ఞలను జదివిన వైయాకరణుడు వానిని దెగడజాలడు. భేద మొక్కటి గలదు: పాణిని సూత్రము రచించి సంజ్ఞను లోకమునకు దెలిపెను, హంప్టీ ముందు వాడి, ఎదుటివారు తెల్లబోయిన పిదప దెలుపును.

ఇక నీతివిషయము. ఆలిసు మొదటి కథలో నొక డచెస్సు ప్రతి మాటకును నీతిని వెదకి నవ్వులపాలగును. అంతకు బండ్రెండేండ్లు ముందుగా 1853లో మన చిన్నయసూరి నీతిచంద్రికను బ్రకటించెను. ఆ వచనము నాకు బూజ్యము. అయినను బాలకథ యెల్ల నీతికొఱకే యనుట మన యింటి కథకే విరుద్ధము. రాజుగారి యేడుగురు కొడుకులు తెచ్చిన చేపలలో నొకటి యెండలేదు. గడ్డిమోపు మొదలుకొని చీమవఱకు ‘ఏల?’ యను ప్రశ్న సాగును. అం దే నీతియు లేదు. ఒక వాక్యము మఱియొక వాక్యమును గోరుటయే యందలి రసము. ఆంగ్లమునను గింగ్‌స్లీ 1863లో వెలువరించిన ‘ది వాటర్ బేబీస్’ నందు బోధ మెండు; దాని ప్రచారము ఆలిసు ప్రచారమునకు సాటి రాదు.

కావున ననువాదకులకు నా మనవి: పదమునకు బదము పెట్టక, మూలమున భాష యెచ్చట వంగినదో కనుగొని, తెలుగున నట్లు వంగు విభక్తినో సమాసమునో వెదకవలయును. పాఠశాలాపండితులకు మఱొక మనవి: కథ తుదిని నీతివాక్యమును దగిలింపకుడు. వట్టిచేతులకు నవ్విన బిడ్డకు దృతీయార్థము కొంత తెలిసియే యున్నది. దానికి సూత్రము పిదప జెప్పవచ్చును.