పంకము - పంకజము: మంజీర పరిసరముల చిత్తడి నేలలు, మన సరోవర వర్ణనలు

ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనములలో సముద్రము కలదు, శైలము కలదు, జలక్రీడయు కలదు. సరస్సు మాత్రము ప్రత్యేకముగా లేదు. ఈ లోపము చూచుటకు చిన్నదియే గాని దాని ఫలము పెద్దది. సరస్సు మన ప్రబంధములలో తరచుగా స్వయముగా వర్ణ్యవస్తువై గాక, క్రీడారంగమై ప్రవేశించినది. క్రీడకు వలసినవి నడిమి నీరు, తామరలు, తుమ్మెదలు, హంసలు. గట్టునకును నీటికిని నడుమ నుండు అడుసు, తుంగ, జమ్ము, నత్తలు క్రీడకు పనికిరావు. కనుక వర్ణనకును పనికిరాకపోయినవి. పోతన గజేంద్రమోక్షమున వలె కథకు మొసలి కావలసివచ్చినచోట జలచరములు ప్రవేశించును గాని, అది కథావసరము. బురదయందు పుట్టినదను అర్థముగల 'పంకజము' అను పేరు అడుగడుగున వినిపించును. పంకము ఆ పేరులోనే నిలిచిపోయినది. ఇట్లు విడువబడిన అంచును గూర్చియు, దానిని ఎరుగకుండుటచే కావ్యపఠనమునకు కలుగు నష్టమును గూర్చియు ఇచ్చట కొంత విచారింప తలచినాము.

విచారమునకు మేము ఎన్నుకొన్న ప్రదేశము కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమ. 'షట్చక్రవర్తి చరిత్రము'ను రచించిన ప్రభుకవి కామినేని మల్లారెడ్డి ఈ సీమలోని బిక్కనవోలు, దోమకొండలకు సంబంధించినవాడు. 2016లో జిల్లాగా ఏర్పడిన ఈ భాగమున మంజీర ప్రవహించుచున్నది. దాని ఉపనది యగు ఆలేరుపై 1916-1922 నడుమ పోచారము జలాశయమును, మంజీరపై అచ్చంపేట కడ 1923-1931 నడుమ నిజాంసాగరమును నిర్మించిరి. పోచారము చుట్టునున్న అడవి పూర్వము నిజాము ప్రభువుల వేటభూమి, పిదప అభయారణ్యమైనది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుతపులి, ఎలుగుబంటి, కణితి, దుప్పి, కొండగొర్రె సంచరించును. వానలు కురిసి నిండిన జలాశయము మాఘమాసము దాటినది మొదలు మెల్లగా వెనుకకు తగ్గును. తగ్గినకొలది తడినేల బయటపడును. తెలంగాణమున ఈ నేలకు 'శిఖము' అని పేరు. ఒకప్పుడు నీరు, ఒకప్పుడు అడుసు, ఒకప్పుడు నెఱ్ఱెలు విచ్చిన నేల - ఇది దాని స్వభావము. పక్షులకు మేత దొరకునది ముఖ్యముగా ఈ అంచుననే.

ఇక కవిసమయములను ఈ అంచున నిలిపి పరీక్షింతము. హంసలు వర్షారంభమున మానససరస్సునకు పోవునని కవులందురు. తలపై రెండు నల్లని పట్టెలు గల బూడిదవన్నె బాతు ఒకటి చలికాలమున పోచారమునకు వచ్చును. వేసవి రాకముందే అది హిమాలయములను దాటి టిబెట్టు, మధ్యాసియా సరస్సులకు పోయి అచ్చట గ్రుడ్లు పెట్టును. ప్రాచీనుల హంస ఇదియే యని కొందఱి ఊహ. ఆ నిర్ణయము వివాదగ్రస్తము. పేరు తేలకున్నను, నీటిపక్షులు ఉత్తరపు సరస్సులకు పోయి మరల వచ్చుననుట కల్పన కాదని మాత్రము తేలుచున్నది.

జక్కవ విషయము ఇంకను స్పష్టము. పల్లెలలో బాపనబాతు అనబడు ఈ కాషాయవర్ణపు పక్షి చలికాలమున జంటలుగా వచ్చును. దాని గొంతు పెద్దది. రాత్రివేళ మేయుట దాని అలవాటు. చీకటిలో ఒకదానినొకటి పిలుచు కేక విన్నవాడెవడో, పగలు కూడియుండి రాత్రి ఎడబాయునను కథను కట్టియుండునని మేము ఊహించుచున్నాము. కథ పుట్టినది పరిశీలనము నుండి. అది ఋతువును విడిచి, చోటును విడిచి, సూర్యాస్తమయము వర్ణింపవలసివచ్చిన ప్రతిచోటను వాడబడుటచే సమయమైనది. కావున కవిసమయమును అబద్ధమనుట యుక్తము కాదు. చిరునామా పోగొట్టుకొన్న పరిశీలనము అనవచ్చును.

పరిశీలనము చిరునామాతోనే నిలిచిన పద్యములును కలవు. హాలుని సప్తశతిలో తామరాకుపై కదలక మెదలక నిలిచిన కొంగను మరకతపాత్రలోని శంఖముతో పోల్చిన గాథ కలదు. మమ్మటుడు దీనిని ధ్వనికి ఉదాహరించినాడు: కొంగ నిశ్చలముగా నున్నది కనుక అచ్చట జనసంచారము లేదు; కనుక అది సంకేతస్థలము. మనుష్యుని అలికిడికి కొంగ లేచిపోవునని ఎరుగని పాఠకునకు ఈ మెట్లలో మొదటిదే అందదు. ఇచ్చట ధ్వనికి ఆధారము శబ్దశాస్త్రము కాదు, పక్షి నడవడి. ఆముక్తమాల్యదలో రాయలు విల్లిపుత్తూరి పొలముల కాలువలలో తలలు ఱెక్కలలో దూర్చి నిద్రించు బాతులను చూపినాడు. స్నానమాడిన విప్రులు మరచిపోయిన పిండిన బట్టలని భ్రమించి తలారులు వానిని తీయబోవుదురు, పక్షులు పారిపోవును, చేలు కాచు స్త్రీలు నవ్వుదురు. భ్రాంతిమంతమనుటతో మన తరగతిగదులలో ఈ పద్యము ముగియుచున్నది. కాని అలంకారమునకు ప్రాణము, నిద్రించు బాతు ముడుచుకొని పిండిన బట్టవలె కనబడుటయే. ఆ ముడుపును చూడనివాడు అలంకారము పేరు చెప్పగలడు గాని నవ్వలేడు.

అడుసు జుగుప్సాకరము కనుక శృంగారప్రధానమైన ప్రబంధమున దానికి తావులేదని కొందఱు ఆక్షేపింపవచ్చును. రాయలే ఈ ఆక్షేపణకు సమాధానము. తడిసిన కట్టెలతో వంటకు అవస్థపడు ఇల్లాండ్రను వర్షర్తు వర్ణనలో నిలిపిన కవికి ఔచిత్యము తెలియదని ఎవరును అనలేరు. ముక్కు నడుమ సందు గల కొంగ ఒకటి పోచారపు బురదలో నత్తలను ఏరి తినును. ఆ సందు గల ముక్కు నత్తను పట్టుటకు తగినట్లున్నది. ఇంత చిత్రమైన పక్షి జక్కవవలె కవిసమయమునకు ఎక్కలేదు. దానికి కారణము జుగుప్స కాదు. జాబితాలో దాని పేరు లేకపోవుటయే.

పరదేశ సాహిత్యముతో పోల్చినచో మన నేల విశేషము ఇంకను తెలియును. ఐర్లండు వంటి చలిదేశములందు ఎత్తైన బీళ్లపై నీరు నిలిచి, నాచుమొక్కలు పూర్తిగా కుళ్లక, వేలయేండ్లుగా పొరలుపొరలుగా పేరి 'పీట్' అను నల్లని ఊబినేల ఏర్పడును. ఆమ్లమయమై గాలి చొరని ఆ నేలలో పడిన దేహములు సైతము శతాబ్దములు చెడక నిలుచును. ఐరిష్ కవి షేమస్ హీనీ 1975 నాటి 'నార్త్' సంపుటమున అట్టి దేహములను కవితావస్తువు చేసి, ఊబిని జాతి స్మృతికి ప్రతీకముగా నిలిపినాడు. దక్కను చెరువు అట్టిది కాదు. ఏటేట ఎండి, గాలి సోకి, మొక్కల శేషము కుళ్లి మన్నగును. 2025 ఆగస్టు వరదలో పొర్లిన పోచారము వంటి జలాశయమునకును తగ్గుట తప్పదు. ఊబి దాచుకొనును, చెరువు ఇచ్చివేయును. కావున ఊబి ప్రతీకమును తెచ్చి మన చెరువునకు అతికించుట విమర్శకునకు తగదు. మన చిత్తడినేలకు తగిన భావము నిలువ కాదు, రాకపోకలు. హంస, జక్కవ కథలు చెప్పుచున్నదియు అదియే.

ఇది కేవలము రసికుల వినోదము కాదు. శిఖము భూములు పూడి, ఆక్రమింపబడి, ఇండ్లస్థలములైనచోట అడుసు, రొంపి, ఊబి, జమ్ము, తుంగ అను మాటలకు చూపుటకు వస్తువు ఉండదు. వస్తువు పోయిన మాట నిఘంటువున పర్యాయపదమగును. అప్పుడు పంకజమును కమలమును భేదము లేనివగును. ఎల్లారెడ్డి ప్రాంతపు బెస్తలను, పశువుల కాపరులను అడిగి, ఏ పక్షి ఏ మాసమున ఏ తావున దిగునో, ఆ తావును ఏమందురో వ్రాసికొనుట పరిశోధక విద్యార్థులకు నేడు సాధ్యమైన పని. ఆ పట్టికను ప్రక్కనుంచుకొని మల్లారెడ్డిని, రాయలను, హాలుని మరల చదువవలెను. ఏ వర్ణన కంటితో చూచి చేసినదో, ఏది చెవితో విని చేసినదో అప్పుడు విడదీసి చెప్పగలము. ఆ భేదమును చెప్పగలిగినప్పుడే వర్ణనలపై మన తీర్పులకు ఆధారము దొరకును.