కొయ్య గరుత్మంతుడు

తనకు లేని బలాన్ని, తనది కాని మహిమను ఒంటికి తొడుక్కొని, తాను మెప్పించదలచిన మనిషి ఎదుట నిలబడటం తెలుగు నేలలో చాలా పాత విద్య. దానికి వేషం కట్టడమని పేరు. వేషమంటే బట్టలు మాత్రమే కావు. ముఖం మీది రంగు, తల మీది కిరీటం, మారిన నడక, మారిన గొంతు, వీటన్నిటికీ తోడుగా చూసేవారి ఒప్పుదల కలిస్తే తప్ప వేషం నిలవదు. ఈ వారం ఈ శీర్షికకు చిరాకు తెప్పించినది ఆ విద్యకు పట్టిన చవకతనమే. పాలంపేటలో రామప్ప చెరువు కట్ట మీద ప్రీ వెడ్డింగ్ షూట్, అనగా కాబోయే దంపతులు పెళ్లికి ముందే తీయించుకొనే ఫొటోల తతంగం, సాగుతుండగా, అద్దెకు తెచ్చిన సూపర్‌మ్యాన్ దుస్తుల్లో వరుడు పిడికిలి పైకెత్తి నిలబడతాడు. చొక్కా వదులు కనబడకుండా వీపు వెనక పిన్నీసులు గుచ్చి ఉంటాయి. గాలి లేనప్పుడు ఎర్ర వస్త్రపు కొసను ఫొటోగ్రాఫర్ సహాయకుడు ఎగరేసి చటుక్కున పక్కకు తప్పుకొంటాడు. వధువు అబ్బురపడమన్నప్పుడు అబ్బురపడుతుంది.

ఈ శీర్షికను క్రమం తప్పక చదివేవారికి ఇందులోని పాత పట్టుదల తెలిసినదే: వేషం గొప్పతనం కట్టుకొన్నవాడిది కాదు, దాన్ని తయారుచేసినవాడిది. పాలంపేట ఆ వాదానికి పెట్టని కోట. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించి, 1213 నాటి శాసనంలో తన వంశాన్ని ఘనంగా పొగడించుకొన్నాడు. అయినా జనం నోట గుడికి నిలిచిన పేరు సేనానిదీ కాదు, దేవుడిదీ కాదు, సంప్రదాయం శిల్పిగా చెప్పే రామప్పది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో కూడా రుద్రేశ్వరాలయమని రాసి, పక్కనే రామప్ప పేరు చేర్చక తప్పలేదు. మదనికలను, అనగా చూరు కింద ఏటవాలుగా అమర్చిన నల్లరాతి స్త్రీమూర్తులను, స్తంభాల మీద సూది దూరేంత సన్నని రంధ్రాలతో సాగిన చెక్కడాలను చూసినవారికి, ఈ కీర్తి శిల్పికి దక్కడంలో అన్యాయమేమీ కనిపించదు.

అదే గుడి గోడల మీద నర్తకులు, మద్దెలవారు బారులు తీరి ఉంటారు. నటరాజ రామకృష్ణ ఆ భంగిమలను పరిశీలించి, గణపతిదేవుడి గజసేనాని జాయప 1253–54లో రచించిన నృత్తరత్నావళిని ఆధారం చేసుకొని, పేరిణి శివతాండవాన్ని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. పేరిణి అనగా యుద్ధానికి బయలుదేరే యోధులు శివుడి ఎదుట ఆడి, ఆ శివుణ్నే తమలోకి ఆవాహన చేసుకొనే వీరనృత్యమని నేడు ప్రచారంలో ఉన్న వివరణ. దాన్ని బట్టి చూస్తే, మామూలు సిపాయి మహాబలుడి వేషం దేవుడి కోసం కట్టాడని, చెరువు కట్ట మీది వరుడు పిల్ల కోసం కట్టాడని, మొదటిది సాధన కాగా రెండవది సరదా అని తేల్చెయ్యడం సులభం. అయితే ఆ కాలపు లక్షణ గ్రంథాలు, అనగా సంగీత నృత్యాల నియమాలను వివరించే శాస్త్రాలు, అంత సులభంగా లొంగవు. జాయపకు ముందుతరంలో దేవగిరి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వర్ణించిన పేరణి నర్తకుడు ఒంటికి తెల్లని పూత పూసుకొని, పిలక మాత్రం మిగిల్చి తల గొరిగించుకొని, పిక్కలకు గజ్జెలు కట్టి సభలోకి వస్తాడు; అతడి విద్యకు చెప్పిన ఐదు అంగాల్లో వికారపు చేష్టలను అనుకరించి నవ్వించడం కూడా ఒకటి. నాటి సభ ఈ విద్యలో వెక్కిరింతకూ చోటిచ్చింది, పిలిచి మరీ చూసింది. కనుక నవ్వు పుట్టిస్తున్నాడన్న ఒక్క కారణంతో వరుణ్ని వెలివేయడం కుదరదు.

పిల్ల కోసం దేవుడి వేషం కట్టినవాడి కథ కూడా ఆ రోజుల్లోనే కొత్తగా కూర్చబడింది. జైన పండితుడు పూర్ణభద్రుడు 1199లో, అనగా రామప్ప శాసనానికి పద్నాలుగేళ్ల ముందు, సిద్ధం చేసిన పంచతంత్ర పాఠంలో, మిత్రభేదమనే మొదటి తంత్రంలో, ఒక నేతగాడు ఉత్సవంలో రాజకుమార్తెను చూసి మనసు పారేసుకొని మంచం పడతాడు. అతడి స్నేహితుడైన వడ్రంగి, మీట తిప్పితే ఎగిరే కొయ్య గరుత్మంతుణ్ని చేసిపెట్టి, మరో రెండు చేతులు, శంఖ చక్ర గదా పద్మాలు, కిరీటం, కౌస్తుభం అమర్చి స్నేహితుణ్ని విష్ణువును చేస్తాడు. నేతగాడు అర్ధరాత్రి ఏడంతస్తుల మేడ మీద వాలి, తాను వైకుంఠం నుంచి వచ్చానని చెప్పి, రాకుమార్తెను గాంధర్వ విధిని, అనగా పెద్దల ప్రమేయం లేకుండా పరస్పర సమ్మతితో, పెళ్లాడతాడు. గుట్టు తెలిసిన రాజు మొదట మండిపడినా, కిటికీలోంచి గరుడవాహనుణ్ని కళ్లారా చూసిన తరువాత, అల్లుడు సాక్షాత్తు నారాయణుడే అయినప్పుడు తనకు ఎదురేముందని పొంగిపోయి, ఇరుగుపొరుగు రాజ్యాల మీద కయ్యానికి కాలుదువ్వుతాడు. వారందరూ ఏకమై కోటను ముట్టడించినప్పుడు, రాజు కూతురి ద్వారా కబురంపుతాడు: శత్రువులను సంహరించవలసింది అల్లుడే.

కథ అసలు సారం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మీట తిప్పి ఆకాశమార్గాన పారిపోయే వీలు నేతగాడికి ఉంది. పారిపోతే ప్రాణం దక్కుతుంది గాని, తనను నమ్మిన పిల్ల శత్రువుల పాలవుతుంది. చావైనా సరే, విల్లు పట్టి కోట బయటికి వెళ్లాలని అతడు నిశ్చయించుకొంటాడు. ఆ సంగతి విన్న అసలు విష్ణువుకు కొత్త చిక్కు వచ్చిపడుతుంది: తన రూపంలో ఉన్నవాడు యుద్ధంలో కూలితే విష్ణువే కూలాడని లోకం అనుకొంటుంది, పూజలు ఆగిపోతాయి. కనుక ఆయన నేతగాడి దేహంలోకి, గరుత్మంతుడు కొయ్య బొమ్మలోకి ప్రవేశించి గెలిపించి వెళతారు. గెలిచిన తరువాత నేతగాడు ఉన్నదున్నట్లు రాజుకు చెప్పుకొంటాడు, రాజు పిల్లనిచ్చి అందరి ఎదుట పెళ్లి చేస్తాడు. గుట్టుగా నడిపిన కపటం అంతు దేవతలకు కూడా చిక్కదని నిరూపించడానికి దమనకుడనే నక్క ఈ కథ ఎత్తుకొంటుంది. తీరా కథలో దేవుడికి అంతా తెలుసు, తెలిసే వస్తాడు. చెప్పినవాడి నీతిని కథే కాదనడం పంచతంత్రంలోని సొగసుల్లో ఒకటి.

తెలంగాణ పల్లెల్లో ఇదే వ్యవహారం కపటం లేకుండా నడుస్తుంది. చిందు యక్షగానం, అనగా పాట, మాట, ఆట కలిపి పురాణ కథలను రాత్రంతా ఆడే వీధి నాటకం, ఉమ్మడి వరంగల్ జిల్లాలో నేటికీ బతికి ఉన్న విద్య. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ దక్కింది. ఆట మొదలయ్యే ముందు అర్దళాన్ని, అనగా పసుపు వన్నె రంగును, నూరి ముఖానికి పట్టించి, కనుబొమలు దిద్ది, అద్దం బిళ్లలు తాపిన కర్ర భుజకీర్తులను తాళ్లతో బిగిస్తారు. తాడు వదులైతే మొదటి గిరికీలోనే భుజకీర్తి జారుతుంది, బిగువైతే తెల్లవారేసరికి చంక ఒరుసుకుపోతుంది. అంత కష్టపడి కట్టిన వేషం వెనక ఉన్నదెవరో ఎదుట కూర్చున్న వారందరికీ తెలుసు, పగటిపూట అతడు ఏ ఇంటి ముందు నిలబడి ధాన్యం అడిగాడో కూడా తెలుసు. అయినా ఎల్లమ్మ వేషం కదలివచ్చేసరికి ఆడవాళ్లు కుంకుమ పెట్టి, పిల్లల చేత మొక్కిస్తారు. వారు మోసపోయి మొక్కడం లేదు. ఆ కాస్త సేపు దేవతకు తగినట్లు నిలబడమని కళాకారుణ్ని నిలదీస్తున్నారు.

సినిమా ఈ బాధ్యతను పెద్దది చేసింది. 1957లో మాయాబజార్‌లో కృష్ణుడైన ఎన్.టి. రామారావు 1980లో సూపర్‌మ్యాన్ పేరుతోనే వచ్చిన చిత్రంలో నటించారు, 1982లో పార్టీ పెట్టారు. ఆయన తెర మీద దుష్టశిక్షణ చేయగా చూసిన జనం రేషన్ బియ్యం ధర సంగతి కూడా ఆయననే అడిగారు. రెండు రూపాయల కిలో బియ్యం ఆ వేషానికి వచ్చిన గిరాకీలో ఒక భాగమే.

ఇన్ని ఉదాహరణలను ఒక వరుసలో పెట్టి చూస్తే, తయారుచేసినవాడిదే గొప్ప అన్న వాదం సగం దూరమే నడుస్తుంది. వడ్రంగి చేసిన గరుత్మంతుడు ఎగరగలడు, మేడ మీద వాలగలడు, రాజును నమ్మించగలడు, కానీ యుద్ధం చేయలేడు. విష్ణువును కిందికి దింపింది కొయ్య పనితనం కాదు, పారిపోవడానికి మీట చేతికి అందేంత దూరంలో ఉన్నా దాన్ని పారిపోవడానికి తిప్పకపోవడం. వేషం ఒకరిని మెప్పించడానికి పుట్టిందా, దేవుడి కోసం పుట్టిందా అన్నది దాని విలువను తేల్చదు. నమ్మినవారు వచ్చి అడిగినప్పుడు కట్టుకొన్నవాడు నిలిచాడా లేదా అన్నదే తేలుస్తుంది. ఆ లెక్కన చెరువు కట్ట మీది వరుడు నేతగాడి కంటే ఒక మెట్టు పైనే ఉన్నాడు, ఎందుకంటే పిన్నీసుల సంగతి వధువుకు ముందే తెలుసు, మోసం మొదటి రోజునే తీరిపోయింది. మిగిలింది పరీక్ష ఒక్కటే. అది ఫొటోల్లో పడేది కాదు, అత్తవారింట ఆపద వచ్చి మామగారు అల్లుడి వైపు చూసిన రోజున జరిగేది. రామప్ప గుడి ఊరికి నేర్పిన న్యాయాన్ని వదులుకోకుండానే పంచతంత్రపు తీర్పును కూడా ఒప్పుకోవచ్చు: పేరు వడ్రంగికి చెందాలి, పిల్ల మాత్రం నేతగాడికే దక్కాలి.