ఏరేసిన గింజల దారి

చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచాక అనంతపురం పల్లెల్లో ఆడవాళ్లు చేటలు ముందేసుకుని కూర్చుంటారు. కళ్లకన్నా ముందు వేళ్లే పని చేస్తుంటాయి. ముడుచుకున్న గింజ, రంగు మారిన గింజ, పొట్టు కింద ఆకుపచ్చ కలిసిన పసుపు బూజు పట్టిన గింజ పక్కకు పోతాయి. మంచివి విత్తనానికో, అమ్మకానికో ఉంటాయి. ఈ కాలమ్ రాసే మనిషికి ఎంత చూసినా విసుగు పుట్టని చేతిపనుల్లో ఈ ఏరుడు ఒకటి. అయితే ఆ చేతుల నేర్పుకన్నా ఆయన్ను ఎక్కువగా పట్టి ఉంచేది పక్కన నిండే సంచి. దాన్ని ఎవరూ పారబోయరు. నూనె మిల్లులో అదీ తూకానికి వస్తుంది.

ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. ఉండేది నేలలోనే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో, కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో బెట్ట పట్టిందంటే మట్టి వేడెక్కుతుంది, కాయ నీరసిస్తుంది. పీకకముందే బూజు లోపలికి చొరబడి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇది కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థమని ఎప్పుడో తేలింది. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

మిల్లులో గింజ ఆడినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగిలిపోతుంది. చెక్క ఆవుకు దాణా. ఆవు కడుపులో పడిన విషంలో కొంత రూపం మార్చుకుని, ఎం1 పేరుతో పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు.

అంటే బెట్ట సంగతి వ్యవసాయ శాఖది, దాణా సంగతి పశు వైద్యుడిది, పాలు తాగే పిల్లవాడి కాలేయం సంగతి డాక్టరుది. ఎవరి గుమ్మం దగ్గర వాళ్లు ఆగిపోతే, సంచి మాత్రం మూడు గుమ్మాలూ దాటి పోతుంది.

అసలు ఈ విషం ఆచూకీ మొదట దొరికింది పక్షుల దగ్గర. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, తీగ లాగితే వేరుశనగ చెక్క కదిలింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్ల పాలయ్యారు, 106 మంది పోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. ఆ జబ్బు గుట్టు విప్పినవాళ్లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. మనుషులనూ కుక్కలనూ ధాన్యాన్నీ కలిపి చూశారు కాబట్టే కారణం దొరికింది.

పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ది మరో ముచ్చట. మొక్కల వైరస్‌లను పట్టుకోవడంలో చేయి తిరిగిన డి.వి.ఆర్. రెడ్డి బృందం ఆ పనికి వాడే ఎలైసా పరీక్షనే గింజల్లోని అఫ్లాటాక్సిన్ మీదికి, తర్వాత పాల మీదికి మళ్లించింది. పాలలో ఎం1 కొలిచే పద్ధతిని 2002లో ప్రచురించారు. చెట్ల డాక్టర్లు పాలచెంబులోకి తొంగిచూసిన పని అది. అనంతపురం రైతుల పొలాల్లోనూ విషాన్ని తట్టుకునే రకాలను, ఆరబెట్టే పద్ధతులను పరీక్షించారు. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తలకిందులుగా పరిచి ఆరబెట్టడం అందులో ఒకటి. ఒలిచే మిషన్లో గింజ పగలకుండా కాయలపై నీళ్లు చల్లే అలవాటు మానమన్నది ఇంకొకటి.

మనిషి, పశువు, పర్యావరణాల ఆరోగ్యాన్ని ఒక్కటిగా చూడాలనే ‘వన్ హెల్త్’ మాటకు ఢిల్లీలో కొదవ లేదు. నాగపూర్‌లో జాతీయ వన్ హెల్త్ సంస్థకు 2022 డిసెంబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ చర్చల్లో ముందు వరసలో ఉండేవి మహమ్మారులు, జంతువుల నుంచి సోకే జబ్బులు. మన దేశంలో కిలో పాలలో ఎం1 అర మైక్రోగ్రాము దాటకూడదన్న కట్టుబాటూ ఉంది. కానీ అది పాలకు పెట్టిన హద్దు. బెట్ట పట్టిన చేనికి హద్దు పెట్టేదెవరు?

ఏరిన సంచిని పారెయ్యమనడం సులువు. బెట్టకు ఓడిన రైతుకు ఆ నాలుగు రూపాయలూ ముఖ్యమే. అందుకని కాలమిస్టు అడిగేది చిన్న సంగతి: ఆ గింజను వేరుగా కొని, దాని చెక్క దాణాలో కలవకుండా చూడగలమా? చెక్కను ఎరువుగా వాడొచ్చు. అయితే బూజున్న చెక్కను మళ్లీ చెనిక్కాయ నేలలోనే వేయొచ్చా అన్నది నేల శాస్త్రవేత్త తేల్చాలి. ఏ చెక్క గొడ్డుకు పెట్టొచ్చో పశు వైద్యుడు పరీక్షించి చెప్పాలి. దాణా ధరకూ ఎరువు ధరకూ మధ్య తేడాను ఆరోగ్య శాఖ భరిస్తుందా, వ్యవసాయ శాఖ భరిస్తుందా అన్నది వచ్చే ఖరీఫ్ పంట పీకేలోపు కలెక్టరు సమావేశంలో తేలాల్సిన లెక్క.