టైమ్ ఆఫీసు కిటికీ వెనక

1952 గనుల చట్టంలో రెండు సెక్షన్లు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఆడవాళ్లను భూగర్భ గనిలో పనికి పెట్టకూడదని 46వ సెక్షన్ చెప్పింది. పైన పనైనా సరే, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే అంది. ఏ క్షణంలో చూసినా బాయి లోపల ఎవరెవరున్నారో పేర్లతో సహా చూపించే రిజిస్టరు ఉండాలని 48వ సెక్షన్ చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మా గోదావరిఖనిలో ఏం మారిందో తెలుస్తుంది. దిగడానికి వీల్లేదని చట్టం ఆపిన ఆడపిల్లలే ఇవాళ దిగినవాళ్ల లెక్క చూసే కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు.

వాళ్లు ఆ కుర్చీ దాకా వచ్చిన దారులు వేరువేరు. నాన్న బాయిలో పోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో వచ్చే కారుణ్య నియామకం ఒకప్పుడు కొడుక్కి, లేకుంటే అల్లుడికి అన్నట్టుండేది. ఇప్పుడు కూతుళ్లూ చేరుతున్నారు. కాగితం మీద బదిలీ వర్కరో, జనరల్ మజ్దూరో; ఇంట్లో బీరువాలో బీటెక్, ఎంసీఏ పట్టాలు. ఇంకొందరు పరీక్ష రాసి వచ్చారు. 2022 సెప్టెంబర్ 4న 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు సింగరేణి పెట్టిన పరీక్షకు డిగ్రీతో పాటు కంప్యూటర్ అర్హత కూడా అడిగారు.

ఈ పనిని అందరూ ‘కూర్చునే పని’ అంటారు. అలా అనేవాళ్లు నెలాఖరులో ఒక్కసారి టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి చూడాలి. నైట్ షిఫ్టు చేసిన ఒక పెద్దమనిషి వచ్చి, “బిడ్డా, మొన్నటి మస్టర్ పడలేదట, జర చూడు” అంటాడు. ఆ అమ్మాయి వెంటనే టైప్ కొట్టెయ్యదు. ముందు హాజరు మెషీన్ రికార్డు తెరుస్తుంది. లోపలికి పోయినట్టుంది, బయటికి వచ్చినట్టు లేదు. ల్యాంప్ రూమ్‌కు ఫోన్ చేసి, ఆయన నంబరు క్యాప్ ల్యాంప్ ఎన్నింటికి ఇచ్చారో, ఎన్నింటికి తిరిగొచ్చిందో అడుగుతుంది. ఆ షిఫ్టులో ఆయన ఎక్కడ పనిచేశాడో ఓవర్‌మెన్ రిపోర్టులో వెతుకుతుంది. మూడూ కలిశాకే సవరణ కోసం పైఅధికారికి పంపుతుంది. ఒక్క మస్టర్, అంటే ఒక రోజు హాజరు, పోతే ఏమవుతుందని ఇక్కడ ఎవరూ అడగరు. సాలీనా సెలవుకు భూగర్భంలో పనిచేసేవాళ్లకు 190 మస్టర్లు, పైన పనిచేసేవాళ్లకు 240 నిండాలని ఆ 1952 చట్టమే చెప్పింది. అసలు భయం వేరే ఉంది. బయటికి వచ్చినట్టు రికార్డు లేని మనిషి నిజంగా లోపలే ఉన్నాడా, లేక మెషీన్ వేలిముద్ర పట్టలేదా? పైకప్పు కూలిన రోజు రెస్క్యూ వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న అదే.

ఒకే నిజాన్ని మూడు చోట్ల నుంచి తెచ్చి సరిపోల్చడం, తప్పు మనిషిదో యంత్రానిదో తేల్చడం, సవరించినవాళ్ల పేరు రికార్డులో మిగిలేలా చూడటం: సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పనికి పెద్ద హోదా, పెద్ద జీతం ఉన్నాయి. సాప్ (SAP) సాఫ్ట్‌వేర్ తెరల ముందు ఈ పిల్లలు రోజూ చేసేది అదే.

నేనూ సర్కారు కొలువులో కంప్యూటర్ దగ్గరే పెద్దదాన్నయ్యాను. పనిచేసిన ఒక ఆఫీసులో సర్వర్ ట్రైనింగ్ జాబితా వచ్చినప్పుడల్లా అందులో మగపేర్లే ఉండేవి. “రాత్రిళ్లు ఉండాల్సొస్తుందమ్మా, మీకెందుకు ఇబ్బంది” అనేవారు. ప్రేమగానే అనేవారు. ఆ ప్రేమ వల్ల నా పక్క సీటువాళ్లు అధికారులయ్యారు, నేను ఎంట్రీ దగ్గరే ఏళ్లు గడిపాను. అందుకే ‘ఆడపిల్లకు మంచి పని, నీడపట్టు పని’ అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆఫీసుల్లో లెక్కల యంత్రాలనూ తొలి కంప్యూటర్లనూ నడిపింది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లను ‘మెషీన్ గ్రేడ్’ అని విడిగా కట్టేసి, పైమెట్లకు దారి మూసేశారు. కంప్యూటర్‌కు అధికారం ఉందని తెలిసొచ్చాక ఆ సీట్లకు మగవాళ్లను తెచ్చారు. కొన్నిచోట్ల వాళ్లకు పని నేర్పింది ఆ ఆడవాళ్లే. చరిత్ర పరిశోధకులు మార్ హిక్స్ 2017లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. బ్రిటన్ కంప్యూటర్ రంగం వెనకబడటానికి ఇదీ ఒక కారణమని అందులో చూపించారు.

మన గనుల చరిత్రా ఇదే చెబుతుంది. 1937 నాటికి దేశంలో ఆడవాళ్లను భూగర్భ గనుల నుంచి తీసేశారు. యుద్ధానికి బొగ్గు కావాల్సి వచ్చి 1943లో మళ్లీ దించారు, 1946లో మళ్లీ ఆపేశారు. 2019 జనవరిలో వచ్చిన మినహాయింపుతో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకు పగటిపూట భూగర్భంలోకి, రాత్రిపూట ఓపెన్‌కాస్టుల్లోకి దారి తెరుచుకుంది. కొత్తగూడెంలో మైనింగ్ చదివిన భూపాలపల్లి అమ్మాయి రాసకట్ల సంధ్య 2021లో హిందుస్థాన్ జింక్‌లో భూగర్భ గని మేనేజర్ అయ్యింది. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. రాత్రి డ్యూటీ అన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఇష్టం ఉన్నవాళ్లను పంపడానికి బండి, భద్రత, విశ్రాంతి గది చూసుకోవడం యాజమాన్యం పని.

2024లో సింగరేణి 327 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే అందులో సిస్టమ్స్ విభాగం మేనేజ్‌మెంట్ ట్రైనీలు ఏడుగురే. బయటి నుంచి తీసుకునేది ఏడు సీట్లయితే, లోపలి నుంచి ఎక్కే మెట్లు ఇంకా గట్టిగా ఉండాలి. డంపర్ల జీపీఎస్, కాటా లెక్కలు, గ్యాస్ సెన్సార్లు, జీతాలు అన్నీ కంప్యూటర్ మీదే నడిచే కంపెనీకి, బాయి సంగతి తెలిసి కోడ్ కూడా తెలిసిన మనిషి దొరకడం అదృష్టం. రామగుండంలో అలాంటివాళ్లు మజ్దూర్ హోదాలో ఉన్నారు. వాళ్లు చేస్తున్న పని పేరే హోదాలో రాయాలి. ఎన్నేళ్ల అనుభవానికి, ఏ పరీక్షకు ఏ మెట్టో ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

మొన్న యైటింక్లైన్ కాలనీలో కలిసిన ఒక అమ్మాయి ఫస్ట్ షిఫ్టు చేసొచ్చి రాత్రిళ్లు డేటాబేస్ పాఠాలు చదువుకుంటోంది. ఏం కావాలమ్మా అంటే, “ట్రైనింగ్‌కు పంపమనండక్కా, లీవు పెట్టుకొని కాదు, డ్యూటీ మీద” అంది. ఇది ఏరియా జీఎం ఒక సంతకంతో అయ్యే పని. ఈ నెల్లోనే చేయాలి.