వంటగది లేని విద్యుత్ పాఠం

పదో తరగతి దాటిన వారందరికీ ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. 5 ఆంపియర్లకు తగిన, 220 వోల్టుల ఇంటి వలయంలో 2 కిలోవాట్ల విద్యుత్ పొయ్యి వాడితే ఏమవుతుంది? ఇది 2006లో తొలిసారి అచ్చయి, ఆ తర్వాత ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందిన ఎన్.సి.ఇ.ఆర్.టి. సైన్సు పుస్తకంలోని ప్రశ్న. 2000ను 220తో భాగిస్తే సుమారు 9.1 ఆంపియర్లు వస్తుంది. ఐదు దాటింది కాబట్టి ఫ్యూజు కరుగుతుంది, వలయం తెగిపోతుంది. జవాబుకు పూర్తి మార్కులు!

ఈ జవాబు తప్పిపోయిన ఇంటిని నేను హిజ్లీలో చూశాను. ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న ఈ ఊళ్లోనే, పాత నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో మన దేశపు తొలి ఐ.ఐ.టి. మొదలైంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్నాయి. మా బంధువుల ఇల్లూ అలాంటిదే. వారి వంటింట్లో ప్లగ్గు బోర్డు ఒక మూల మాడి, గోధుమరంగుకు తిరిగి ఉంది. లైట్ల వలయంలో ఉన్న 6 ఆంపియర్ల సాకెట్‌కు మార్పిడి ప్లగ్గు తగిలించి, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు వాడుతున్నారు. అదే బోర్డు మీద 750 వాట్ల మిక్సీ కూడా ఉంది.

“మరి ఫ్యూజు ఎందుకు కరగలేదు, మావయ్యా?” అని ఆ ఇంటి పదో తరగతి అమ్మాయి అడిగింది. కారణం చిన్నదే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో అందులో లావుపాటి తీగ చుట్టారు. ఆ తర్వాత కరగవలసిన ఫ్యూజు చల్లగా ఉండిపోయింది, సాకెట్ కాలింది.

లెక్క చూడండి. 230 వోల్టుల వద్ద స్టవ్వుకు 8.7 ఆంపియర్లు, మిక్సీకి 3.3 ఆంపియర్లు, మొత్తం 12. అంటే సాకెట్ల బోర్డుకు వచ్చే తీగలో అనుకున్నదానికి రెండింతల ప్రవాహం. వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది రెండింతలు కాదు, నాలుగింతలు.

పాఠ్యపుస్తకాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఉపకరణాలను సమాంతరంగా ఎందుకు కలుపుతారో, ఎర్త్ తీగ ఎందుకో చక్కగా చెప్పింది. ఒకే సాకెట్‌కు ఎన్నో తగిలించడం ప్రమాదమనీ హెచ్చరించింది. ఇంట్లో 15 ఆంపియర్ల వలయం, 5 ఆంపియర్ల వలయం విడిగా ఉంటాయని కూడా రాసింది. కానీ ఆ పెద్ద వలయానికి అది ఇచ్చిన ఉదాహరణలు గీజరు, ఎయిర్ కూలరు. ఇంట్లో ఎక్కువ విద్యుత్తు ఒకేసారి లాగే వంటగది ఆ పాఠంలో లేదు. నేటి సాకెట్ల ప్రమాణం 6, 16 ఆంపియర్లు. ప్రకటిత వోల్టేజి 230. ఇవి చిన్న లోపాలే. ప్రమాదం జరిగాక ఏమవుతుందో చెప్పి, జరగకుండా ఎలా ప్లాన్ వేయాలో చెప్పకపోవడమే పెద్ద లోపం.

పదహారు ఆంపియర్ల సాకెట్ పెట్టినంత మాత్రాన సరిపోదు. అలాంటి వలయం మోయగలిగేది 3680 వాట్లు. దాని మీదే 2000 వాట్ల వస్తువులు రెండు పెడితే 17.4 ఆంపియర్లు అవుతుంది. 16 ఆంపియర్ల ఎం.సి.బి. వెంటనే పడిపోతుందనుకుంటాం. కాని ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల వరకు, అంటే సుమారు 18 ఆంపియర్ల దాకా, అది గంటసేపు పడిపోకూడదు! తీగను కాపాడడమే దాని పని. మన ప్లానులోని పొరపాటును అది దిద్దదు.

అందుకే కేంద్ర ప్రజా పనుల శాఖ నిబంధనలు నివాస గృహాల్లో ఒక పవర్ వలయానికి 16 ఆంపియర్ల సాకెట్లు రెండుకు మించి ఇవ్వవు. అమెరికాలో వోల్టేజి 120 మాత్రమే కనుక, వంటగది చిన్న ఉపకరణాలకు కనీసం రెండు 20 ఆంపియర్ల వలయాలు తప్పనిసరి చేశారు.

మన వంటింటికి ఈ పద్ధతి నయం: స్టవ్వుకు ఒక విడి వలయం, ఓవెన్, కెటిల్ వంటి వాటికి మరొకటి. ఫ్రిజ్‌కు వేరేది ఉంటే, ఇంకెక్కడో లోపం వచ్చి స్విచ్చి పడిపోయినా పాలు విరగవు. లైట్లు వీటితో కలవకూడదు. పవర్ వలయానికి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్త్, షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావాలి.

పుస్తకం అడగవలసిన ప్రశ్న నిజానికి ఇది: “మీ వంటగదిలోని వస్తువుల వాట్లు రాసి, వాటిని వలయాలుగా విభజించండి.” పుస్తకం అడగకపోయినా మీరు ఈ రాత్రే రాయండి. వస్తువుల వెనుక అంటించిన చీటీలు చదివితే చాలు. బోర్డు మాత్రం విప్పకండి, అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. అతన్ని పిలిచినప్పుడు మీ లెక్క చేతికివ్వండి. హిజ్లీ అమ్మాయి అదే చేసింది. ఇప్పుడు వారి స్టవ్వుకు విడిగా ఒక తీగ ఉంది.