పెద్ద, ఇంకా పెద్ద

హాన్స్ వేర్ అరబ్బీ నిఘంటువులో మాట దొరకాలంటే ముందు దాని ధాతువు పట్టుకోవాలి. ఈ వారం కాఫ్, బా, రా అనే మూడక్షరాల దగ్గరే ఆగిపోయాను.

ఆ ధాతువు అనే ఇంటికి యజమాని ‘కబీర్’. తెలుగులో ‘పెద్ద’ అని రాస్తే చాలాచోట్ల ఇట్టే ఒదిగిపోతుంది. విశాలమైన ఇల్లూ కబీరే, నలుగురికీ పెద్దదిక్కైన మనిషీ కబీరే, వయసు మళ్లినవాడూ కబీరే. బక్రీదును అరబ్బులు చాలాచోట్ల ‘పెద్ద పండుగ’ అనే పిలుస్తారు. కోస్తాలో మనం సంక్రాంతిని పిలుచుకున్నట్టే! ఇంత దూరపు భాషలు ఇలా పక్కపక్కన నడవడం చూస్తే నాకు పట్టరాని సంతోషం.

‘అక్బర్’ దగ్గర ఆ నడక తడబడుతుంది. అది ‘ఇంకా పెద్ద’ అనే రూపం. దేనికంటే? ‘అల్లాహు అక్బర్’ అన్నప్పుడు అరబ్బీ ఆ సంగతి చెప్పదు. అన్నిటికంటే అని కొందరు వ్యాకర్తలు పూరించుకున్నారు, అక్కడ ‘అక్బర్’ అంటే ఉత్త ‘కబీరే’ అని మరికొందరన్నారు. తెలుగులో మాత్రం ‘కంటే’ లాంటి మాట లేకుండా ఈ పోలిక తేలిగ్గా కుదరదు. ‘అందరికంటే గొప్పవాడు’ అని రాస్తాం. మూలం ఖాళీగా వదిలిన చోటును మనం నింపేస్తాం. ఆ ఖాళీలోనే ఆ మాట బలమంతా ఉందని నా నమ్మకం. అక్బరు చక్రవర్తి ‘అల్లాహు అక్బర్’ను తన ముద్రపైనా నాణేలపైనా వేయించాలనుకున్నప్పుడు, ‘అక్బరే దేవుడు’ అనే అర్థమూ రావచ్చని కొలువులో అభ్యంతరం వచ్చిందని ఆనాటి చరిత్రకారుడు బదౌనీ రాశాడు.

నన్ను ఇప్పటికీ బాధించేది వేరే జత. ‘కిబ్ర్’ అంటే గర్వం. ‘కిబర్’ అంటే ముసలితనం. మామూలు రాతలో హ్రస్వాచ్చుల గుర్తులు వేయరు గనుక రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. తర్జుమా మొదలుపెట్టిన కొత్తలో, పెళ్లికి తన తండ్రి ఎందుకు రాలేదో ఒక కొడుకు రాసిన ఉత్తరం నా చేతికొచ్చింది. ముసలితనం వల్ల కదలలేకపోయిన ఆ తండ్రిని, గర్వంతో రానివాడిగా తెలుగులో నిలబెట్టాను. అరబ్బీ బాగా తెలిసిన ఒక పెద్దాయన చూసి, ఆ మాట మీద వేలు పెట్టి, కింది రెండు వాక్యాలు చదవమన్నారు. వాటిలో ఆ తండ్రి మోకాళ్ల నొప్పుల ప్రస్తావన ఉంది.

దిద్ది పంపాను. ఇప్పుడు ఆ మూడక్షరాలు విడిగా ఎదురైతే, పేరా చివరిదాకా చదివాకే కలం తీస్తాను.