చేతిపని పెళ్లి: పందిరి కింద, ఫంక్షన్ హాల్లో

పెళ్లిలో చేతిపనితో డబ్బు మిగులుతుందా? రెండు పెళ్లిళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, మన పెద్దవాళ్ల కాలంలో కోస్తా పల్లెల్లో ఇంటి ముందు తాటాకు పందిరి కింద జరిగిన పెళ్లి. రెండోది, ఇవాళ ఫంక్షన్ హాలు మాట్లాడుకుని, అలంకరణ మాత్రం మేమే చేసుకుంటామని పెళ్లికూతురూ ఆమె స్నేహితులూ పూనుకున్న పెళ్లి. రెండింటిలోనూ చేతిపని ఉంది. మొదటిదాంట్లో అది పెళ్లినే మోసింది. రెండోదాంట్లో పెళ్లికి అంచు కుట్టింది.

పందిరి పెళ్లిలో చోటుకు అద్దె లేదు. సరుగుడు గుంజలు, వెదురు గెడలు, తాటాకులు ఊళ్లోవే. రాట వేసిన రోజు నుంచి పదహార్రోజుల పండుగ దాకా ఆ నీడలోనే భోజనాలు, నిద్రలు, పేకాటలు. పందిరి విప్పాక గుంజలు, గెడలు మరో పనికి వచ్చేవి. గుమ్మానికి మామిడాకుల తోరణం, రాటలకు అరటి బోదెలు, వధూవరుల మధ్య పసుపుతో స్వస్తిక్ గీసిన అడ్డతెర. భోజనానికి ఈనె పుల్లలతో కుట్టిన విస్తళ్లు. సారెకు పెట్టే అరిసెలు, సున్నుండలు పెరట్లో గాడిపొయ్యి మీదే వండేవారు. చోటు, వంట, వడ్డన అన్నీ చేతులమీదే నడిచాయి కాబట్టి అక్కడ మిగిలింది నిజమైన మిగులు.

ఫంక్షన్ హాలు పెళ్లిలో లెక్క వేరుగా నడుస్తుంది. వెయ్యిమంది వస్తారనీ, ప్లేటుకు 400 రూపాయలనీ అనుకుందాం. భోజనాలకే 4 లక్షలు. హాలు అద్దె, కరెంటు, ఫొటోలు, వీడియో దానికి అదనం. వీటి పక్కన ఇంట్లో గుచ్చిన బంతిపూల దండలు, రంగులు వేసిన కుండలు, కాగితప్పూల తెర ఎంత మిగుల్చుతాయి? పిలుపుల జాబితాలోంచి 50 పేర్లు తగ్గిస్తే అదే లెక్కన 20 వేలు మిగులుతాయి. నాలుగు రాత్రులు మేలుకుని కాగితప్పూలు కత్తిరించినా అంత మిగలడం కష్టం. ఇక చేతి కాగితం శుభలేఖలు, నాటితే మొలకెత్తే విత్తనాల శుభలేఖలు మామూలు ప్రెస్సు కార్డు కంటే ఖరీదే. అందం కోసమైతే చేయించుకోవచ్చు, పొదుపు పేరుతో మాత్రం వద్దు.

ఇంతవరకు చూస్తే పందిరి పెళ్లే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ అది ఎవరి చేతులతో అంత చవకగా అయిందో అడక్కుండా ఆ తీర్పు ఇవ్వలేం. పందిరి కింద తెల్లటి చాందినీలు కట్టింది చాకలి. ఐరేని కుండలకు సున్నం పూసి రంగులు దిద్దింది కుమ్మరి. వాళ్లకు ముట్టింది ఆనవాయితీగా వచ్చే గింజలు, ఒక పాత బట్ట, ఒక పూట భోజనం. కాదనే వీలు వాళ్లకు లేదు. ఇంటి ఆడవాళ్లు పసుపు దంచి, పిండి కొట్టి, పాకం పట్టి, తీరా ముహూర్తం వేళకు పొయ్యి దగ్గరే ఉండిపోయేవారు. ఆ పెళ్లి ఖర్చులో కొంత భాగం ఇంటి పద్దులో ఎక్కలేదు. వీళ్ల ఒళ్లు హూనమై చెల్లిపోయింది. నేటి పెళ్లికూతురి చేతిపని డబ్బు పెద్దగా మిగల్చకపోయినా ఈ ఒక్క విషయంలో మేలైనది. అది ఇష్టపడి చేసే పని. పెళ్లికొడుకూ అతని స్నేహితులూ పక్కన కూర్చుని సూది పట్టుకుంటే, పందిరి కాలంలో ఎన్నడూ లేని న్యాయం అందులో ఉంది. ఆ దృశ్యం అంటే నాకు చాలా ఇష్టం.

రెండు పెళ్లిళ్లూ నిజంగా కలిసే చోటు పూలజడ. మల్లెమొగ్గల వరసలు, మధ్యలో కనకాంబరాలు, అంచున మరువం. వాడిపోయేలోగా కుట్టాలి కాబట్టి ముందే చేసి దాచుకోవడం కుదరదు. ఎండాకాలం ముహూర్తమైతే మల్లెలు విరివిగా దొరుకుతాయి, జడకు ఖర్చు స్వల్పం. అదే మాఘమాసంలో మల్లె దొరకడమే గగనం. పాతకాలం వాళ్లు ఆ రుతువులో చేమంతులతో, బంతులతో సరిపెట్టుకున్నారు. ఇప్పటివాళ్లు ఫోన్లో చూసిన బొమ్మే కావాలని పట్టుబట్టి, ఏ రుతువులోనైనా అవే పూలు తెప్పిస్తున్నారు. ఇంట్లో కుట్టినా ఖర్చు తగ్గదు. కడియం, గుడిమల్కాపూర్ పూల మార్కెట్లలో ఆ వారం ఏ పూలు ఎక్కువగా దిగుతున్నాయో చూసి, దాన్నిబట్టి జడ రూపం అనుకోవాలి. చేతిపనిలో పొదుపు సరుకు ఎంపికలోనే సగం తేలిపోతుంది.

తలంబ్రాల దగ్గర నా మొగ్గు పూర్తిగా పాత పద్ధతి వైపే. పసుపు కలిపిన బియ్యానికి ఖర్చు దాదాపు లేదు, అయిదు నిమిషాల పని. దాని బదులు రంగురంగుల థర్మోకోల్ గుళికలు బుట్టలకొద్దీ గుమ్మరించడం ఇప్పుడు మామూలైంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై 2022 జూలై 1 నుంచి దేశమంతటా అమలైన నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. అయినా హాలు ఊడ్చేవాళ్ల చీపుళ్లకు ఆ గుళికలు అంటుకుంటూనే ఉన్నాయి. బియ్యాన్ని కొనక్కర్లేదు, ఇంట్లో ఉంటుంది. ఇక్కడ కొన్నదే ఖరీదు, కొన్నదే చెత్త.

తూర్పుగోదావరి కోరుకొండలో భక్తులు భద్రాచలం సీతారాముల కల్యాణానికి గోటి తలంబ్రాలు సిద్ధం చేస్తారు. వరి పండించి, ఒక్కొక్క వడ్లగింజ పొట్టును గోళ్లతోనే ఒలుస్తారు. మిల్లులో నిమిషాల్లో అయ్యే పనికి ఎందరో చేతులు కలుపుతారు. రూపాయల్లో చూస్తే ఇందులో పొదుపు ఏమీ లేదు, ఎవరూ దాన్ని అలా చూడరు కూడా. స్నేహితురాలి పెళ్లికి రాత్రంతా కూర్చుని దండ గుచ్చే అమ్మాయిది ఈ కోవ పనే. దాన్ని పొదుపు ఖాతాలో రాయకుండా ప్రేమగానే ఉంచాలి. డబ్బు మిగల్చాలనుకునే ఇల్లు మాత్రం ముందు పిలుపుల జాబితా, తర్వాత హాలు, ఆ తర్వాత వంటల జాబితా పట్టుకోవాలి. పెరడో, డాబాయో, ఊళ్లో గుడి మండపమో ఉంటే ఇన్నూరు మందికి అక్కడే అరిటాకుల్లో వడ్డించవచ్చు. అప్పుడు తోరణం ఎవరు కట్టినా, కట్టకపోయినా, అప్పు చేయాల్సిన పని ఉండదు.